అన్నం, ఉప్పు, అప్పు: గోదావరి డెల్టా ఆరోగ్యం మీద ఒక సమీక్ష

2003 అక్టోబరు మొదలు ఏడాది పాటు తూర్పు, పశ్చిమ గోదావరి జిల్లాల్లోని 45 ఊళ్లలో ఒక పని జరిగింది. ఏ ఇంట్లో మనిషి పోయినా, దినవారాలు అయ్యాక, శిక్షణ పొందిన ఆరోగ్య కార్యకర్త ఆ ఇంటికి వెళ్లి కూర్చుని అడిగేవారు. పోయేముందు ఏమైంది? నొప్పి ఎక్కడ మొదలైంది? చెమటలు పట్టాయా? మాట పడిపోయిందా? ఎన్నాళ్లు మంచాన పడ్డారు? మరణ ధ్రువపత్రంలో కారణం రాసే డాక్టరు లేని చోట, ఇంటివాళ్లు చెప్పే మాటల్లోంచి జబ్బును రాబట్టే పద్ధతి ఇది. జార్జ్ ఇన్‌స్టిట్యూట్, హైదరాబాదులోని కేర్ ఫౌండేషన్, బైర్రాజు ఫౌండేషన్ వంటి సంస్థలు కలిసి ఆంధ్రప్రదేశ్ రూరల్ హెల్త్ ఇనిషియేటివ్ అనే పేరుతో దీన్ని చేశాయి.

ఆ ఊళ్ల జనాభా సుమారు 1,80,000. ఏడాదిలో పోయినవాళ్లు 1,354 మంది. వాళ్లలో 32 శాతం మంది గుండెపోటు, పక్షవాతం వంటి గుండె, రక్తనాళాల జబ్బులతో పోయారు. గాయాలతో పోయినవాళ్లు 13 శాతం, అంటువ్యాధులతో పోయినవాళ్లు 12 శాతం. ఈ ఫలితాలు 2006లో వెలువడ్డాయి. పల్లెల్లో చావంటే జ్వరం, అతిసారం, పురిటి చావు అని అప్పటిదాకా అనుకున్న వైద్య లోకానికి అవి పెద్ద కుదుపే. ఊళ్లోవాళ్లు మాత్రం అంత ఆశ్చర్యపడి ఉండరు. తెల్లారగట్ల పొలం వెళ్లి గట్టు మీద కూలిపోయిన మనిషి కథ, మూతి వంకర పోయి కాలు లాగేసిన పెద్దాయన కథ ప్రతి వీధిలోనూ ఉన్నవే.

2005లో 20 ఊళ్లలో ముప్ఫై ఏళ్లు దాటిన 4,535 మందిని పరీక్షించారు. నూటికి 13 మందికి షుగరు ఉంది. అందులో సగం మందికి తమకు జబ్బున్న సంగతే తెలియదు. ఇరవై ఏళ్ల కిందటి, కాలువల కింద ఊళ్ల లెక్క ఇది.

ఈ లెక్కల్ని చూసినప్పుడల్లా సులువైన జవాబు ఒకటి నోటికొస్తుంది: తిండి ఎక్కువైంది, పని తక్కువైంది. అది అబద్ధం కాదు, కానీ సగమే నిజం. డెల్టా తిండికి నూట డెబ్భై ఏళ్ల చరిత్ర ఉంది. తిండి మారినంత తొందరగా పని మారలేదు, పని మారినంత తొందరగా మర్యాద మారలేదు. ఈ మూడూ ఒకదానితో ఒకటి పొంతన తప్పిన చోటే జబ్బు చేరింది. ఆ పొంతన తప్పడంలో అన్నిటికంటే తక్కువ లెక్కకు వచ్చింది మనసు మీది బరువు.

అన్నం దగ్గర మొదలుపెడదాం. ధవళేశ్వరం ఆనకట్ట పని 1847లో మొదలై 1852లో ముగిసింది. అంతకుముందు గోదావరి జిల్లా కరువులకూ తుఫానులకూ చిక్కిన నేల. మెట్టన చోళ్లు (రాగులు), జొన్నలు, గంటెలు తినేవాళ్లు. వరి అన్నం పండగ పూట తిండి, లేదా ఉన్నవాళ్ల తిండి. ఆనకట్ట కట్టించిన ఇంజనీరు కాటన్ తవ్వించిన కాలువలు పారాక మాగాణి పెరిగింది, వరి నిత్యం అయింది. మూడు పూటలా తెల్లన్నం తినగలగడం హోదా అయింది. చోడి అంబలి తాగే మనిషి అంటే లేనివాడని అర్థం వచ్చింది. ఆ అర్థం ఇవాళ్టికీ పూర్తిగా పోలేదు. ఇప్పుడు పట్నంలో రాగి జావకు ఎంత గౌరవం ఉన్నా, ఊళ్లో చుట్టం వస్తే జావ పోసి పంపరు.

తెల్లన్నం డెల్టాను దెబ్బ తీయడం ఇదే మొదటిసారి కాదు. ఈ సంగతి మన ఆరోగ్య చర్చల్లో ఎందుకో వినపడదు. ఉత్తర సర్కారు జిల్లాల్లో, అంటే గంజాం నుంచి గుంటూరు దాకా ఉన్న తీరం వెంట, బెరిబెరి పాతుకుపోయిన జబ్బు. కాళ్లు వాచి, నీరు పట్టి, నడక తప్పి, గుండె ఆగి పోయేవాళ్లు. జాన్ గ్రాంట్ మాల్కమ్‌సన్ అనే వైద్యుడు ఈ జబ్బు మీద రాసిన వ్యాసం 1835లో మద్రాసులో అచ్చయింది. అప్పటికి విటమిన్ అనే మాటే లేదు. 1930ల చివర కూనూరు పోషకాహార పరిశోధనాలయంలో ఏక్రాయిడ్, ఆయన తోటివాళ్లు ఈ తీరాన్ని పట్టి పట్టి చూశారు. తమిళ, మలయాళ దేశాల్లోనూ వరే తింటారు కదా, అక్కడ లేని బెరిబెరి సర్కారు జిల్లాల్లో ఎందుకుంది?

కారణం వడ్లను ఉడికించకపోవడం. తమిళ, మలయాళ దేశాల్లో వడ్లను ఉడకబెట్టి ఆరబెట్టి ఆడిస్తారు, అంటే ఉప్పుడు బియ్యం. ఉడికేటప్పుడు తవుడులోని బి1 విటమిను గింజలోకి దిగి నిలుస్తుంది. మనం పచ్చి బియ్యం తింటాం. దంపుడు రోజుల్లో గింజ మీద కొంత తవుడు మిగిలేది. మిల్లులొచ్చి బియ్యాన్ని మల్లెపువ్వులా తెల్లగా పాలిష్ పట్టాక అదీ పోయింది. ఆపైన మూడు నాలుగు నీళ్లతో కడగడం, ఎసరు ఎక్కువ పోసి గంజి వార్చడం. మిగిలిందంతా గంజితో పాటు వెళ్లిపోయేది. తల్లికి బి1 లేకపోతే ఆమె పాలలోనూ ఉండదు. రెండో నెల నుంచి అయిదో నెల మధ్య పాలు తాగే పసిబిడ్డలు చూస్తుండగానే నీలిరంగు తిరిగి పోయేవాళ్లు. 1941లో ఏక్రాయిడ్, కృష్ణన్ ప్రచురించిన పరిశోధన ఈ శిశు మరణాల మీదే. ఎంతమంది తల్లులు అది గాలి అనీ, దిష్టి అనీ అనుకుని తమను తాము తిట్టుకున్నారో తలుచుకుంటే గుండె కలుక్కుమంటుంది.

ఇవాళ హైదరాబాదులో ఉన్న జాతీయ పోషకాహార సంస్థ పుట్టింది కూడా ఈ జబ్బు వెతుకులాటలోనే. 1918లో కూనూరులో ఒక్క గదిలో మొదలైనప్పుడు దాని పేరే బెరిబెరి విచారణ విభాగం.

గోదావరి బిడ్డ ఒకరిని ఇక్కడ తలుచుకోవాలి. యల్లాప్రగడ సుబ్బారావు 1895లో భీమవరంలో పుట్టారు. స్ప్రూ అనే పేగు జబ్బుతో ఆయన సోదరులు ఇద్దరు పోయారు. తిన్నది వంటపట్టక, రక్తం క్షీణించి మనిషిని తినేసే జబ్బు అది. ఆయన అమెరికా వెళ్లి, లెడర్లీ సంస్థలో తన బృందంతో 1945లో ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారు చేశారు. ఇప్పుడు చౌక దుకాణంలో ఇచ్చే బలవర్ధక బియ్యంలో ఇనుము, బి12తో పాటు కలిపే మూడోది ఆ ఫోలిక్ ఆమ్లమే. భీమవరం కుర్రవాడి పరిశోధన ఇంత దూరం తిరిగి భీమవరం కంచంలోకే వచ్చింది.

1983లో ఎన్.టి. రామారావు ప్రభుత్వం కిలో రెండు రూపాయల బియ్యం పథకం తెచ్చింది. ఆకలి తీర్చిన పథకం అది. కూలి దొరకని రోజున కూడా పొయ్యి మీద ఎసరు పెట్టగలగడం ఎంత పెద్ద సంగతో పస్తులున్నవాళ్లకే తెలుసు. దాన్ని జబ్బుకు కారణమని తిట్టేవాళ్లతో నేను ఏకీభవించను. కాకపోతే ఆ పథకం బియ్యాన్ని మాత్రమే చవక చేసింది. పప్పు, కూర, పాలు, గుడ్డు చవక కాలేదు. దాంతో పేదవాడి కంచంలో అన్నం కొండ పెరిగింది, పక్కనుండాల్సినవి పెరగలేదు. 2019-21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో రాష్ట్రంలో 36 శాతం ఆడవాళ్లు అధిక బరువుతో ఉన్నారు, సుమారు 59 శాతం మందికి రక్తహీనత ఉంది. రెండూ ఒకే ఇంట్లో, చాలాసార్లు ఒకే మనిషిలో ఉంటున్నాయి. కడుపు నిండుతోంది కానీ ఒంట్లో రక్తం పట్టడం లేదు.

తెల్లన్నానికీ షుగరుకూ సంబంధం మీద 2020లో ఒక పెద్ద అధ్యయనం వచ్చింది. 21 దేశాల్లో 1,32,373 మందిని ఏళ్ల తరబడి గమనించి, రోజుకు 450 గ్రాములకు మించి వండిన తెల్లన్నం తినేవాళ్లలో కొత్తగా షుగరు వచ్చే ముప్పు ఎక్కువని తేల్చారు. అన్ని ప్రాంతాల్లోకీ ఆ ముప్పు ఎక్కువ కనిపించింది మన దక్షిణాసియాలోనే, సుమారు 60 శాతం అధికంగా. 450 గ్రాములంటే పొలం మనిషికి ఒక్క పూట అన్నం.

డెల్టాకు తన ఇంట్లోనే ఒక జవాబు ఉంది. పశ్చిమ గోదావరి జిల్లా మార్టేరు వరి పరిశోధన కేంద్రం 1982లో స్వర్ణ అనే రకాన్ని విడుదల చేసింది. రైతులు ఎం.టి.యు. 7029 అని నంబరుతోనే పిలుస్తారు. తరవాత అది దేశమంతా పాకింది. 2012లో అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ 235 రకాల వరిని పరీక్షిస్తే, రక్తంలో చక్కెరను పెంచే వేగం రకాన్ని బట్టి 48 నుంచి 92 దాకా మారింది. తక్కువ వేగం ఉన్న వాటిలో స్వర్ణ ఒకటి. కానీ స్వర్ణ ముతక కదా! సార్వాలో, అంటే వానాకాలం పంటగా, దాన్ని పండించి మిల్లుకు తోలి, ఇంటికి సన్న బియ్యం కొనుక్కొచ్చే రైతులు మా వైపు ఎందరో. స్వర్ణను పాలిష్ తగ్గించి ఆడించి, నాలుగు ఊళ్లలో షుగరున్నవాళ్ల చేత తినిపించి, ఏడాది పాటు పరీక్షలు చేసి చూడటం మార్టేరుకూ జిల్లా వైద్య శాఖకూ చేతకాని పనేమీ కాదు. ఇది జరగాలని నా కోరిక.

ఇక ఉప్పు. దీని మీద కాస్త ఎక్కువసేపే నిలబడాలి, ఎందుకంటే షుగరు మాట అందరి నోటా ఉంది, ఉప్పు మాట లేదు.

తెల్లన్నం చప్పగా ఉంటుంది. దాన్ని లోపలికి పంపడానికి ఘాటు కావాలి. కూర తక్కువైన ఇంట్లో ఆ పని ఊరగాయ చేస్తుంది. ఆవకాయ, మాగాయ, ఊరమిరపకాయలు, ఉప్పు చేప, ఎండు రొయ్య, వడియాలు, చివర్లో మజ్జిగలోకి మళ్లీ ఉప్పు. తడి నేల, వానాకాలం, ముంపు ఉన్న చోట నిలవ తిండి బతుకు తెరువే. వరదలప్పుడు లంక గ్రామాల్లో జాడీలో ఊరగాయ, అటక మీద ఎండు చేప ఉన్న ఇల్లే గట్టెక్కేది. కాబట్టి దీన్ని అజ్ఞానం అనకూడదు. పొద్దుటి నుంచి చెమటోడ్చే మనిషికి ఆ ఉప్పు కొంత కావాలి కూడా. చెమట ఆగిపోయినా జాడీ మాత్రం అలాగే నిండుతోంది.

2014 ప్రాంతంలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మూత్ర పరీక్షల ద్వారా లెక్క కడితే, మనిషి రోజుకు సుమారు 9.5 గ్రాముల ఉప్పు తింటున్నాడని తేలింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ అయిదు గ్రాములకు మించొద్దంటుంది. దాదాపు రెట్టింపు. మన ఉప్పులో ఎక్కువ భాగం వంటింట్లో, మన చేత్తోనే పడుతుంది. అదొక కష్టం, అదే ఒక అవకాశం కూడా.

ఇక్కడ జపాన్ పల్లెల కథ మనకు బాగా పనికొస్తుంది. వాళ్లూ మనలాగే వరి, చేప, ఊరగాయ మనుషులు. 1951 నుంచి 1980 దాకా ఆ దేశంలో మరణాలకు మొదటి కారణం పక్షవాతమే. ఉత్తరాన అకితా ప్రాంతపు రైతులు 1950లలో రోజుకు 20 గ్రాములకు పైగా ఉప్పు తినేవాళ్లు. మంచు కాలం నెలల తరబడి ఊరబెట్టిన కూరలూ మిసో పులుసూ తెల్లన్నమే ఆధారం. తొహొకు విశ్వవిద్యాలయంలో ఆచార్యుడు కొందో షోజి దశాబ్దాల పాటు ఊరూరా కాలినడకన తిరిగి, ఏ ఊళ్లో మనుషులు ఎక్కువ కాలం బతుకుతున్నారు, ఏ ఊళ్లో ముందే పోతున్నారు అని చూశాడు. అన్నం దండిగా తిని కూరలూ సోయా తక్కువ తినే ఊళ్లలో ఆయుష్షు తక్కువని ఆయన గమనించాడు. పొలాలు బాగా పండే ఊళ్లలోనూ అదే తంతు. ఈ మాట డెల్టా గురించి చెప్పినట్టే ఉంటుంది.

మార్పు ఎలా వచ్చిందన్నది ఇంకా ముఖ్యం. నగానో కొండ ప్రాంతంలో వకత్సుకి తోషికాజు అనే సర్జను 1945లో సాకు ఆసుపత్రికి వచ్చాడు. రైతులు జబ్బు ముదిరాక గానీ రావడం లేదని చూసి, తన బృందంతో ఊళ్లమ్మట వెళ్లి వైద్యం చేశాడు. వైద్యం అయ్యాక డాక్టర్లు, నర్సులే వేషాలు కట్టి నాటకాలు వేసేవాళ్లు. 1959 నుంచి యాచిహో అనే ఊరంతటికీ ఏటా ఆరోగ్య పరీక్షలు మొదలుపెట్టారు. ఆ ప్రాంతంలో గృహిణులే వంతులవారీగా ఆరోగ్య సేవికలై, పక్కింటి పులుసులో ఉప్పెంతో కొలిచి చెప్పేవాళ్లు. వకత్సుకికి 1976లో రామన్ మెగసెసే పురస్కారం వచ్చింది. 2010 లెక్కల్లో జపాన్ మొత్తం మీద మగవాళ్లలోనూ ఆడవాళ్లలోనూ ఆయుర్దాయంలో నగానోదే మొదటి స్థానం. ఊరగాయ మానేసి కాదు. ఊరగాయలో ఉప్పు తగ్గించి, కూరలు పెంచి.

తెలుగు నేల మీద కూడా ఒక ఆధారం ఉంది. తెలంగాణలోని సిద్దిపేట జిల్లా పల్లెల్లో బి.పి. ఉన్న 502 మందితో ఒక పరీక్ష జరిగింది. సగం మందికి మామూలు ఉప్పు, మిగతా సగానికి 30 శాతం పొటాషియం లవణం కలిపిన ఉప్పు ఇచ్చారు. ఎవరికి ఏది ఇచ్చారో వాళ్లకు తెలియదు. మూడు నెలల్లో రెండో గుంపులో పై బి.పి. మొదటి గుంపుకంటే 4.6 పాయింట్లు తగ్గింది. వంట మారలేదు, రుచి మీద గొడవ రాలేదు. మూత్రపిండాల జబ్బున్నవాళ్లకు ఈ ఉప్పు ప్రమాదం, ఆ జబ్బు ఉందో లేదో పరీక్షించకుండా ఊరంతా పంచకూడదు. అయినా, చౌక దుకాణం ద్వారా బియ్యంలో ఫోలిక్ ఆమ్లం ఇవ్వగలిగిన రాష్ట్రం ఈ ఉప్పు గురించి ఆలోచించలేదా?

ఇక ఒంటి పని. డెల్టాలో నడుం వంచే పని పూర్తిగా పోలేదు, పంచుకోవడం మారింది. దుక్కి ట్రాక్టరుది, కోత మిషనుది, ధాన్యం మోత లారీది. మగవాడి పనిలో ఎక్కువ భాగం యంత్రం తీసుకుంది. ఊడ్పులు, కలుపు మాత్రం ఇంకా చాలా చోట్ల ఆడవాళ్లవే, మోకాలి లోతు బురదలో, రోజంతా వంగి. అందుకే, పని తగ్గింది కాబట్టి జబ్బు అనే మాట ఆసామికి వర్తించినట్టు ఊడ్పు కూలికి వర్తించదు. ఆమె జబ్బు వేరు: నడుం, మోకాళ్లు, రక్తహీనత, కాలి వేళ్ల మధ్య ఒరుపులు. నరసాపురం చుట్టుపక్కల లేసు అల్లే ఆడవాళ్ల కష్టాన్ని మరియా మీస్ 1982లోనే పుస్తకంగా రాశారు. రోజుకు గంటల కొద్దీ కళ్లు పొడుచుకుని అల్లినా, ఇంట్లో ఖాళీగా కూర్చున్న మనిషి చేసే పనిగానే దాన్ని లెక్కగట్టారని ఆమె వాదన. కూర్చుని చేసే పని కూడా ఒంటికి శ్రమేనని మన ఆరోగ్య సలహాలు ఇంకా గుర్తించలేదు. ఊడ్పు నుంచి వచ్చిన మనిషికి రోజూ అరగంట నడవమని చెప్పడం ఎంత తప్పో చెప్పేవాళ్లు ఒకసారి ఆ గట్టు మీద నిలబడి చూడాలి.

పొగాకు గురించి క్లుప్తంగా. లంక పొగాకు గోదావరి ఇసుక మేటల మీద పండేది, దాంతో చుట్టిన చుట్టకు పేరుంది. కేంద్ర పొగాకు పరిశోధన సంస్థ 1947లో రాజమండ్రిలోనే వెలిసింది. ఉత్తరాంధ్ర తీరంలో ఆడవాళ్లు నిప్పు నోట్లో పెట్టుకుని తాగే అడ్డపొగ వల్ల అంగిలి క్యాన్సరు వస్తుందని 1971లో పదివేల మందికి పైగా గ్రామస్థుల్ని పరీక్షించి రుజువు చేశారు. పాత తరంతో చుట్ట తగ్గుతోంది. దాని చోటులోకి సిగరెట్టూ గుట్కా వచ్చాయి. సారాయి, బ్రాందీ సంగతి వేరే వ్యాసమే అవుతుంది.

నీళ్ల సంగతీ ఉంది. పంట కాలువ ఊరికి తాగునీరు, గేదెలకు కడుగుడు నీరు, చేలకు మురుగు, రొయ్యల చెరువుకు ఎగువ. 2020 డిసెంబరులో ఏలూరులో అయిదు వందల మందికి పైగా ఒక్కసారిగా ఫిట్స్ వచ్చి పడిపోయారు. ఎయిమ్స్ పరీక్షల్లో రక్తంలో సీసం, నికెల్ కనిపించాయి; అనుమానం నీళ్ల మీదికీ వెళ్లింది. తిండి మార్చుకోమని మనిషికి చెప్పొచ్చు, నీళ్లు మార్చుకోమని చెప్పలేం.

ఇప్పుడు మనసు మీది బరువు. గాయాలతో పోయినవాళ్లు 13 శాతం అని మొదట్లో చెప్పాను. అదే 45 ఊళ్ల లెక్కల్లో ఆ గాయాల్ని విడదీసి చూస్తే, ప్రాణం తీసిన వాటిలో 36 శాతం ఆత్మహత్యలు. కింద పడటం 20 శాతం, రోడ్డు ప్రమాదాలు 13 శాతం. రోడ్డు మీద పోయినవాళ్లకంటే తమ చేత్తో తాము పోయినవాళ్లు రెండింతలకు పైనే. పురుగుమందు డబ్బా ప్రతి రైతు ఇంటి చూరులోనూ ఉంటుంది. ఆ ఒక్క క్షణం దాటితే బతికేవాళ్లు ఎందరో. అందుకే ఆ డబ్బాను తాళం వేసిన పెట్టెలో, ఇంటికి దూరంగా పెట్టడం కూడా గుండె మాత్ర లాంటి వైద్యమే.

పచ్చటి డెల్టాలో ఇంత బరువు దేనికి? బయటివాళ్లు ఇది నమ్మరు. కొబ్బరి చెట్లు, కాలువ గట్టు, పూతరేకులు చూసి వెళ్తారు. ఇక్కడ సాగులో పెద్ద భాగం కౌలుదార్ల చేతిలో ఉంది. పంట పండినా మునిగినా మక్తా కట్టాలి. 2011లో కౌలుదారులకు రుణ అర్హత కార్డుల చట్టం వచ్చింది. 2019లో వచ్చిన మరో చట్టం ప్రకారం సాగు హక్కు పత్రానికి భూమి యజమాని సంతకం కావాలి. ఆ సంతకం పెట్టేవాళ్లు తక్కువ. బ్యాంకు ఇవ్వదు కాబట్టి అప్పు ధాన్యం కమీషను షావుకారు దగ్గర, వడ్డీ రూపాయల్లో. నష్టపరిహారం వస్తే యజమాని ఖాతాలోకి. 2011లోనే కోనసీమ రైతులు సార్వా వేయం, చేలు బీడు పెడతాం అని పంట విరామం ప్రకటించారు. నీళ్లున్న చోట, మురుగు కాలువలు పూడి, గిట్టుబాటు లేక, కూలి ఖర్చు రాక, నాట్లు మానేశారు. వరి పండించడమే గౌరవం అనుకునే మనిషి తన చేను బీడు చూసుకుంటూ ఆ నెలలు ఎలా గడిపాడో ఏ ఆరోగ్య సర్వే అడగలేదు.

భీమవరం, ఉండి, ఆకివీడు వైపు వెళ్తే బరువు ఇంకో రకం. వరి చేలు రొయ్యల చెరువులయ్యాయి. 1990ల నడుమ తెల్లమచ్చ వైరస్ వచ్చి చెరువులకు చెరువులే పోయాయి. 2009 తరవాత వనామీ అనే రొయ్య రకం వచ్చాక మళ్లీ ఊపందుకుంది. చెరువు మీద డబ్బు వస్తే బాగా వస్తుంది, పోతే ఒక్క రాత్రిలో పోతుంది. తెల్లారగట్ల నీళ్లలో ఆక్సిజన్ బాగా పడిపోతుంది. కరెంటు పోయి ఏరేటరు ఆగితే రొయ్య తేలిపోతుంది. అందుకే చెరువు మీద కాపలా ఉన్న మనిషికి రాత్రి రెండింటి నుంచి అయిదింటి దాకా కంటి మీద కునుకుండదు. నెలలకు నెలలు, పంట మీద పంట. నిద్ర చాలకపోతే బి.పి., షుగరు, బరువు మూడూ పెరుగుతాయని వైద్యశాస్త్రం చెబుతోంది. ఆ గట్టు మీద గుడిసెలో టీ మీద టీ, బిస్కెట్లు, చుట్ట. ఆ మనిషిని జీవనశైలి మార్చుకోమనడంలో అర్థం లేదు. అది ఆయన శైలి కాదు, ఆయన ఉద్యోగం.

ఇంకా ఉన్నాయి. కోనసీమ, నరసాపురం ఊళ్ల నుంచి కువైట్ ఇళ్లల్లో పనికి వెళ్లిన తల్లులు, ఇక్కడ అమ్మమ్మ దగ్గర పెరిగే పిల్లలు. ఇద్దరు పిల్లలూ అమెరికాలో ఉండి, రెండంతస్తుల ఇంట్లో ఇద్దరే మిగిలిన ముసలి దంపతులు. ఆ ఇంట్లో ఒక పూట వండుకుని రెండు పూటలు తింటారు, మిగతాది ఆవకాయ, మజ్జిగ. వాళ్ల కంచం ఖాళీకి డబ్బు లేకపోవడం కారణం కాదు, ఎవరి కోసం వండాలి అన్నదే.

మర్యాద సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. గోదావరి జిల్లాల వాళ్ల మర్యాద అంటే నాకు చాలా ఇష్టం. అన్నం పెట్టకుండా పంపని నేల ఇది. అదే మర్యాద కొన్ని ఇళ్లను అప్పుల్లోకి నెడుతోంది. కొత్తల్లుడికి సంక్రాంతికి వందల రకాలు వడ్డించిన ఇళ్లు వార్తల్లోకి ఎక్కుతున్నాయి. చూసినవాళ్లు తమ అల్లుడికి అందులో సగమైనా పెట్టాలనుకుంటారు. షుగరున్న పెద్దమనిషి విందులో రెండో వడ్డన వద్దంటే, వడ్డించేవాళ్లు నొచ్చుకుంటారు. “ఒక్క కాజాకేమవుద్దండీ, ఆయ్” అంటారు ప్రేమగా. ఆ ప్రేమను తిట్టి లాభం లేదు. వద్దన్న మాటను కూడా మర్యాదగా తీసుకోవడం కొత్తగా అలవాటు కావాలి.

మనసు బరువుకు ఏదైనా చేయగలమా అన్న ప్రశ్నకు పశ్చిమ గోదావరిలోనే కొంత జవాబు దొరికింది. స్మార్ట్ మెంటల్ హెల్త్ అనే కార్యక్రమంలో ఆశా కార్యకర్తలు టాబ్లెట్ కంప్యూటరు పట్టుకుని ఇంటింటికీ వెళ్లి దిగులు, ఆందోళన, ఆత్మహత్య ఆలోచనల గురించి ప్రశ్నలు అడిగారు. ముందుగా ఊళ్లలో వీధి నాటకాలు వేయించి, మనసుకు కూడా జబ్బు చేస్తుంది, అది పిచ్చి కాదు అని చెప్పారు. ముప్ఫై గిరిజన గ్రామాల్లో చేసిన తొలి ప్రయత్నంలో, జబ్బు లక్షణాలున్నవాళ్లలో వైద్యం కోసం వెళ్లినవాళ్లు మొదట నూటికి ఒక్కరు కూడా లేరు. తరవాత పన్నెండు మంది దాటారు. చిన్న సంఖ్యే. కానీ అడగడమే వైద్యంలో సగం అని అది చూపించింది. నాటకం మళ్లీ ఊళ్లోకి వచ్చింది, సాకు ఆసుపత్రి డాక్టర్ల లాగే.

అదే జిల్లాలో గుండె జబ్బుల ముప్పు ఉన్నవాళ్ల కోసం 18 ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల కింద 54 ఊళ్లలో జరిగిన స్మార్ట్‌హెల్త్ ప్రయోగం మాత్రం ఆశించిన ఫలితం ఇవ్వలేదు. ఆశాలు ఇళ్లకు వెళ్లి బి.పి. చూశారు, ముప్పున్నవాళ్లను గుర్తించారు, డాక్టరు దగ్గరకు పంపారు. అయినా బి.పి. అదుపులోకి రావడంలో కార్యక్రమం ఉన్నప్పటికీ లేనప్పటికీ చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. ఈ ఓటమి నాకు విలువైనదిగా తోస్తుంది, ఎందుకంటే లోపం ఎక్కడుందో అది చూపించింది. పరీక్ష చేసే చెయ్యి ఇంటికి వచ్చింది కానీ, మాత్ర రాలేదు. కేంద్రానికి వెళ్తే డాక్టరు ఒకరోజు ఉంటే ఒకరోజు ఉండరు. మందు పది రోజులకే ఇస్తారు. పది రోజులకోసారి కూలి మానుకుని ఎవరొస్తారు? దాంతో మళ్లీ ఊళ్లోని ఆర్.ఎం.పి. దగ్గరికే. ఆయన రాత్రి పిలిచినా వస్తాడు, అప్పు పెడతాడు. ఆయన్ని దొంగ డాక్టరని తోసేసే బదులు, బి.పి. మాత్ర ఆపొద్దని చెప్పే పని ఆయనకు నేర్పితే మేలు అని నా అభిప్రాయం. ఒకసారి గుండెపోటు వచ్చి బతికి బయటపడిన వాళ్లలో కూడా ఆస్ప్రిన్ వంటి చవక మాత్ర చాలామందికి అందడం లేదని 2000ల నాటి పరిశోధనే చెప్పింది. ఆరోగ్యశ్రీ పేరుతో మొదలైన ప్రభుత్వ పథకం కింద స్టెంటు ఉచితంగా పడుతుంది. తరవాత నెల నెలా మింగాల్సిన మాత్రకే మనిషి వెతుక్కోవాలి.

ఇంకొక చిన్న సంగతి. సర్వేలూ శిబిరాలూ ఎక్కువగా పొద్దున పది గంటలకు పెడతారు. ఆ వేళకు ఊళ్లో ఉండేది ముసలివాళ్లు, ఉద్యోగాలు లేనివాళ్లు. ఊడ్పు కూలీలు చేలో ఉంటారు. కౌలు రైతు మందు చల్లుతుంటాడు. చెరువు కాపలా మనిషి అప్పుడే పడుకుని ఉంటాడు. బి.పి. కఫ్ వాళ్ల చేతికి చుట్టాలంటే ఆశా కార్యకర్త సార్వా నాట్ల రోజుల్లో పొద్దుగూకాక, చెరువుల వైపు మధ్యాహ్నం మూడింటికి వెళ్లాలి. ఆ వేళల్లో తిరిగినందుకు ఆమెకు వేరే భత్యం ఇవ్వాలి. ఆమె ఇంట్లో కూడా అప్పుడే పొయ్యి వెలిగించే వేళ.